సెమీకోలన్ దాకా

2014లో ఒక రాత్రి పదకొండు దాటాక ఒక జిల్లాలోని పొదుపు సంఘాల ఆడవాళ్ళందరి ఖాతాల్లోనూ తలా 800 రూపాయలు వేశాను. ఒక్కరిని కూడా వదల్లేదు. నిజం డబ్బు కాదు లెండి. మా కంపెనీ సంఘాల పొదుపు, అప్పుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేస్తుండేది. పరీక్షల కోసం పేర్లు మార్చి పెట్టుకున్న నకలు డేటా అది. కానీ మర్నాడు పొద్దున పది గంటలకి అధికారులకి చూపించాల్సింది ఆ నకలునే. నిల్వల మొత్తం, కట్టిన వాయిదాల మొత్తం ఒకదానికొకటి సరిపోవాలి. సరిపోలేదు.

కంప్యూటర్ సంగతి అనగానే పేజీ తిప్పేయకండి. నేను చెప్పబోయేది ఒక వాక్యం ఎక్కడ ముగుస్తుందో ఎవరు నిర్ణయిస్తారు అనే విషయం. అది మనందరి విషయమే.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌తో పాటే పీజీబెంచ్ అనే పనిముట్టు ఒకటి వస్తుంది. డేటాబేస్ మీద ఎంత పని పెడితే ఎంతవరకు తట్టుకుంటుందో, సెకనుకి ఎన్ని లావాదేవీలు చేయగలదో కొలిచి చెబుతుంది. దానికి సొంతంగా ఒక బొమ్మ బ్యాంకు ఉంది. ఒక బ్రాంచి, పది మంది టెల్లర్లు, లక్ష ఖాతాలు. ఒక్కో లావాదేవీలో మూడు చోట్ల నిల్వలు మార్చడం, ఒకసారి చదవడం, చరిత్రలో ఒక వరస చేర్చడం. అంతే, ఐదు ఆజ్ఞలు. అన్నీ పొట్టివి. బయటి లోకంలో లెక్కలు అలా ఉండవు కాబట్టి మన ఆజ్ఞలు మనమే ఒక ఫైల్లో రాసి ఇచ్చే వీలు కూడా పెట్టారు. ఇంతమంది ఒకేసారి ఈ పని చేస్తున్నట్టు నటించు అంటే నటిస్తుంది. ఆ రాత్రి నేను ఎనిమిది మందిని అడిగాను.

నేను రాసింది చాలా మామూలు ఆజ్ఞ. నిల్వకి వంద కలుపు అని ఒక లైను. ఫలానా నంబరు సభ్యురాలి ఖాతాలో అని దాని కింద ఇంకో లైను. ఆ రెండో లైను 'వేర్' అనే మాటతో మొదలవుతుంది. ఎవరికి, ఏ షరతు మీద అని చెప్పే ముక్క అది. చివర సెమీకోలన్ పెట్టాను. పదేళ్ళుగా అలాగే రాస్తున్నాను. షరతు విడిగా కనిపించాలని దాన్ని కింది లైనులో, కాస్త లోపలికి జరిపి రాయడం నాకు పాఠం చెప్పిన మేడమ్ దగ్గర అబ్బిన అలవాటు.

అప్పటి పీజీబెంచ్‌కి సెమీకోలన్ అక్కర్లేదు. లైను అయిపోతే ఆజ్ఞ అయిపోయినట్టే. మొదటి లైను చదివింది, నిల్వకి వంద కలుపు. ఎవరికి? చెప్పలేదు కాబట్టి అందరికీ. డేటాబేస్ దాన్ని తప్పు పట్టదు. అది వ్యాకరణం ప్రకారం పూర్తి వాక్యమే. అందరికీ వంద కలిపేసి, ఆ మార్పుని ఖాయం చేసేసి, అప్పుడు రెండో లైను దగ్గరికొచ్చింది. ఫలానా నంబరు సభ్యురాలి ఖాతాలో... ఇదేమిటి, తలా తోకా లేని మాట అని తప్పు చూపించి ఆగిపోయింది. ఎనిమిది మందీ వరసగా అదే చేశారు. ఎనిమిది వందలు.

నా మాటని రెండు ముక్కలు చేసి, మొదటి ముక్కని అమలు చేసి, రెండో ముక్కకి అర్థం లేదంది. ఆ తెరకేసి చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు.

తెల్లవారుజామున మూడింటికి బ్యాకప్ నుంచి మొత్తం తిరిగి ఎక్కించాం. నా పై అధికారి, నాకంటే నాలుగేళ్ళు చిన్న, ఫోనులోనే అడిగాడు. "ఒక్క లైనులో రాయాలని తెలీదా మీకు?" తెలీదు. తెలిసుండాల్సింది. ఆ పనిముట్టు పుస్తకంలో ఉంది. ఆజ్ఞకి ఒక లైను, ఒకటికంటే ఎక్కువ లైన్ల ఆజ్ఞలకి వీలు లేదు అని స్పష్టంగా రాసి ఉంది. నేను చదవలేదు. పైగా ముందు 'బిగిన్' అని ఒక్క మాట పెట్టి ఉంటే, తప్పు రాగానే మొదటి ముక్క కూడా రద్దయిపోయేది. అందరూ వాడుకునే నకలు మీద కాకుండా వేరే దాని మీద నడిపి ఉండాల్సింది. ఈ మూడూ నా తప్పులే. ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. ఆ ఉత్తరం కూడా ఒక్క లైనులో ఉండాలని కోరారు. వివరణలు వద్దన్నారు.

నాకు అర్థంకానిది ఒకటే. పోస్ట్‌గ్రెస్ ఇంట్లోనే పీఎస్‌క్యూఎల్ అనే ఇంకో పనిముట్టు ఉంది. మనం డేటాబేస్‌తో నేరుగా మాట్లాడుకునేది దానితోనే. అదే ఆజ్ఞ, అదే రెండు లైన్లు, దానికిస్తే సెమీకోలన్ వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుంటుంది. ఇరవై లైన్లు రాసినా కూర్చుంటుంది. ఇంకా ఉందా, చెప్పు అన్నట్టు కొత్త లైను ముందు చిన్న గుర్తు కూడా పెడుతుంది. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరికి రెండు న్యాయాలేమిటి అని ఆరోజు తిట్టుకున్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే నవ్వొచ్చింది. ఒకే ఇంట్లో రెండు న్యాయాలు మనకేం కొత్త?

ఆ తర్వాత రెండేళ్ళు అన్నీ ఒక్క లైనులోనే రాశాను. మా ఆజ్ఞలు బొమ్మ బ్యాంకు ఆజ్ఞల్లాంటివి కావు. ఏ సంఘంలో ఏ సభ్యురాలు ఏ అప్పు మీద ఎన్ని వాయిదాలు దాటేసింది అని అడగాలంటే సంఘాలు, సభ్యులు, అప్పులు, వాయిదాలు నాలుగు పట్టికలూ కలపాలి. వాటిని కలిపే షరతులు, తేదీల షరతులు, మొత్తాలు, వరస. మామూలుగా రాస్తే ముప్ఫై లైన్లు. ఒక్క లైనులో రాస్తే తెర కుడి అంచు దాటి ఎక్కడికో పోతుంది. చదవాలంటే పక్కకి జరుపుకుంటూ పోవాలి. చివరికి వచ్చేసరికి మొదలు కనిపించదు. మధ్యలో ఈ షరతు ఎందుకు పెట్టానంటే అని రెండు గీతలు గీసి వ్యాఖ్య రాసుకుందామంటే కుదరదు. ఆ రెండు గీతల తర్వాత ఆ లైనులో ఉన్నదంతా వ్యాఖ్య కిందికే పోతుంది. ఆజ్ఞే మిగలదు. కారణం చెప్పుకోవడానికి చోటు లేని రాత అది.

చదవడానికి వీల్లేనిదాన్ని ఎవరూ చదవరు. తనిఖీ చేయాల్సిన ఇద్దరూ చూసి సరేనన్నారు. ఆ పొడవాటి లైనులో, దాదాపు ఆరు వందల అక్షరాల తర్వాత, సభ్యురాలి నంబరుని సభ్యురాలి నంబరుతో పోల్చాల్సిన చోట అప్పు నంబరుతో పోల్చాను. అవి ఎప్పటికీ కలవవు. ఆ ప్రశ్నకి ఒక్క వరస కూడా సమాధానం రాదు. కానీ పీజీబెంచ్ సమాధానం ఏమిటో చూడదు, ఎంతసేపట్లో వచ్చిందో చూస్తుంది. ఏమీ లేదు అనే సమాధానం చాలా తొందరగా వచ్చింది. అంకె అద్భుతంగా ఉంది. నివేదికలో పెట్టాం, మెచ్చుకున్నారు కూడా. మూడు వారాల తర్వాత టెస్టింగ్ విభాగంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఆ లైనుని పీఎస్‌క్యూఎల్‌లో ముక్కలు ముక్కలుగా విడగొట్టి రాసుకుని చదివి, మెల్లగా నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఇది ఖాళీగా వస్తోందండీ" అంది. విడగొట్టగానే కనపడిపోయింది. నాలుగు షరతులు ఒకదాని కింద ఒకటి ఉంటే కలవనిది ఏదో కళ్ళే చెబుతాయి.

మా ఆఫీసులో అప్పట్లో ఒక మాట బాగా వాడుకలో ఉండేది. "వన్ లైన్‌లో చెప్పండి." మగవాళ్ళని కూడా అనేవారు, కాదనను. కానీ వాళ్ళు రెండో లైనుకి పోయినా ఎవరూ తలెత్తేవారు కాదు.

ఆ 800 రూపాయల రాత్రి తర్వాత నాకు పదే పదే గుర్తొచ్చింది మా అమ్మ.

1994లో తాతయ్య పోయాక పొలం పంపకాల దగ్గర అందరూ తెనాలి దగ్గర ఊళ్ళో మా పెదమామయ్య ఇంట్లో కూర్చున్నారు. అప్పటికే ఆడపిల్లలకి తండ్రి ఆస్తిలో వాటా ఇచ్చే చట్టం ఉంది. అది అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు. కరణం గారబ్బాయి కాగితాలు పట్టుకుని కూర్చుంటే మామయ్య అమ్మ వైపు తిరిగి, "నువ్వేమంటావే?" అన్నాడు. అమ్మ చీర కొంగు సర్దుకుంటూ, "నాకేం వద్దులే అన్నయ్యా..." అని ఊపిరి తీసుకుంది. అప్పటికే మామయ్య అటు తిరిగాడు. "విన్నారుగా, వద్దంది, రాసుకోండి." అమ్మ రెండో ముక్క కూడా అంది. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. "...అమ్మని చివరిదాకా నీ దగ్గరే పెట్టుకుంటానంటే." అది గోడలు విన్నాయి. కలం గీసుకుపోతూనే ఉంది. హక్కు వదులుకుంటున్నట్టు అమ్మ సంతకం పెట్టింది.

అమ్మమ్మ రెండేళ్ళకి మా ఇంటికొచ్చింది. చివరి ఆరేళ్ళు మా దగ్గరే. అమ్మ ఎప్పుడూ ఎవరితోనూ పోట్లాడలేదు. ఒకసారి నేనే కోపంగా అడిగితే, "నేను చెప్పానుగా" అంది. అవును, చెప్పింది. షరతు చెప్పింది. షరతు లేని ముక్క మాత్రమే అమలైంది. ఆ ముక్క కూడా వ్యాకరణం ప్రకారం పూర్తి వాక్యమే, అదే దాని దుర్మార్గం.

ఇక్కడ ఒక చిన్న భాషా సంగతి. ఈ ఆజ్ఞల భాషని 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బోయ్స్ అనే ఇద్దరు ఇంగ్లీషు వాక్యానికి దగ్గరగా ఉండేలా తయారుచేశారు. అందుకే పని ముందు, షరతు తర్వాత. కలుపు అని ముందు అనేసి, ఎవరికి అన్నది చివర చెబుతుంది. మన తెలుగు అలా నడవదు. 'ఫలానా సభ్యురాలి ఖాతా అయితేనే నిల్వకి వంద కలుపు' అంటాం. క్రియ చివర ఉంటుంది. ఈ వాక్యాన్ని మధ్యలో నరికితే 'ఫలానా సభ్యురాలి ఖాతా అయితేనే' అని గాల్లో వేలాడుతుంది. ఎవరికీ ఏ హానీ జరగదు. అయితేనే... ఏం చెయ్యాలి అని ఎదుటివాళ్ళు ఆగాల్సిందే. తెలుగులో వినేవాళ్ళని చివరిదాకా కూర్చోబెట్టే కట్టుబాటు వాక్యంలోనే ఉంది.

మరి అమ్మ ఎందుకు తిరగేసి చెప్పింది? 'నువ్వు అమ్మని చూసుకుంటానంటేనే నేను వాటా వదులుకుంటాను' అని ఎందుకు అనలేదు? పదిమంది మగవాళ్ళ ముందు పెద్దన్నయ్యకి షరతు పెట్టడం ఆమెకి చేతకాలేదు. ముందు ఇచ్చేసింది, షరతు తర్వాత గొణిగింది. ఇవ్వడం గట్టిగా, అడగడం నెమ్మదిగా. మనలో ఎంతమంది ఇలాగే మాట్లాడతామో ఆలోచించండి. ఉద్యోగం మానేస్తానులెండి... పాపకి మూడేళ్ళు వచ్చేదాకా. కథ మీ ఇష్టం వచ్చినట్టు కుదించుకోండి... ఆ చివరి సన్నివేశం ఉంచి.

2016 సెప్టెంబరులో పోస్ట్‌గ్రెస్ 9.6 వచ్చింది. కొత్త విడుదల వివరాల్లో నా కళ్ళు ఒక చోట ఆగిపోయాయి. పీజీబెంచ్ ఫైళ్ళలో ఆజ్ఞలు ఇకమీదట లైను చివర కాదు, సెమీకోలన్ దగ్గర ముగుస్తాయి. ఒక ఆజ్ఞ ఎన్ని లైన్లైనా ఉండొచ్చు. పక్కన క్యోటారో హొరిగుచి, టామ్ లేన్ అని రెండు పేర్లు. నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను. ఇంత చిన్న సంగతికి కళ్ళు చెమర్చాయని చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి.

ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదు అని కోపం కూడా వచ్చింది. తర్వాత ఆ మార్పు ఎలా జరిగిందో చదివాను. పైకి కనిపించినంత తేలిక కాదు. లైను ఎక్కడ అయిపోయిందో కనిపెట్టడానికి ఏ భాషా రానక్కర్లేదు. అంచు కనిపిస్తే చాలు. సెమీకోలన్ అలా కాదు. కొటేషన్ల మధ్య ఎవరిదో చిరునామాలో సెమీకోలన్ ఉంటే అది ముగింపు కాదు. వ్యాఖ్యలో ఉన్నదీ కాదు. డాలరు గుర్తుల మధ్య పెట్టే పొడవాటి పాఠంలో ఉన్నదీ కాదు. అసలు ముగింపు ఏదో తెలియాలంటే ఏది మాట, ఏది మాటలో మాట, ఏది పక్కకి అన్నది అని విడదీసి చూడగలగాలి. ఆ నేర్పు పీఎస్‌క్యూఎల్‌కి ముందునుంచీ ఉంది. అందుకని దానిలోని ఆ భాగాన్ని బయటికి తీసి, ఇద్దరూ వాడుకునేలా ఉమ్మడి చోట పెట్టారు. ఎదుటివాళ్ళ మాట ఎక్కడ అయిందో తెలియాలంటే వాళ్ళ భాష కొంతైనా రావాలి. మధ్యలో నరకడానికి ఏమీ రానక్కర్లేదు.

ఒక పక్కమాట. పంచ్ కార్డుల కాలంలో ఒక లైను అంటే ఒక అట్ట. అయినా ఫోర్ట్రాన్‌లో ఆరో గడిలో ఒక గుర్తు కొడితే ఈ అట్ట పాతదానికి కొనసాగింపు, మాట ఇంకా అవలేదు అని అర్థం. ఆ అట్టలు కొట్టిన వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఇంకా ఉంది అనే గుర్తుని వేలసార్లు కొట్టి ఉంటారు, తమ మాటలు కానివాటికి.

మార్పు వచ్చింది కదా, దాని చాకిరీ ఎవరికి? పాత ఫైళ్ళలో చాలావాటిలో సెమీకోలన్లు లేవు, అప్పుడు అవసరం లేదు కాబట్టి. కొత్త పనిముట్టు వాటిని చదివితే ఒక ఆజ్ఞ ఇంకో ఆజ్ఞలోకి ఒలికిపోతుంది. ప్రతి ఫైలూ తెరిచి, ప్రతి ఆజ్ఞ చివరా ఒక చుక్క, ఒక కామా పెట్టాలి. సెమీకోలన్ పెట్టినా పాతది కూడా ఒప్పుకుంటుంది కాబట్టి నష్టం లేదు. రెండింటిలోనూ నడవాలంటే మాత్రం ఒక్క లైనులోనే రాసి చివర సెమీకోలన్ పెట్టాలి. మా ఆఫీసులో నూట నలభై దాకా ఫైళ్ళు. మీటింగులో "ఇది చిన్న పనే" అన్నారు. చిన్న పని అనగానే అందరి కళ్ళూ ఎటు తిరుగుతాయో మీకు తెలుసు. ఖాళీ వరస పట్టిన ఆ అమ్మాయికీ నాకూ వచ్చింది. ఇద్దరం తొమ్మిది రోజులు కూర్చున్నాం. ఆ పని పేరు ఏ నివేదికలోనూ రాలేదు. కానీ ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క లైనులో కుక్కిన నా పాత ఆజ్ఞలన్నీ విడగొట్టి, షరతులు ఒకదాని కింద ఒకటి పెట్టి, ఎందుకో పక్కన రాశాం. అప్పుడు ఇంకో రెండు తప్పులు దొరికాయి. ఒకటి నాది, ఒకటి నా పై అధికారిది. ఆయనది కూడా ఒక్క లైనులోనే చెప్పాను.

ఇంకో ముక్క మిగిలింది. వెనకగీతతో మొదలయ్యే సొంత ఆజ్ఞలు కొన్ని పీజీబెంచ్‌కి ఉన్నాయి. ఇంత నుంచి ఇంత లోపల ఏదో ఒక నంబరు తీసుకో లాంటివి. అవి 9.6లో కూడా లైను చివరే ముగిసేవి. 2017లో వచ్చిన 10లో, లైను చివర ఒక వెనకగీత పెడితే కింది లైనుకి పోవచ్చు అన్నారు. అడిగి, గుర్తు పెట్టి, అప్పుడు రెండో లైనుకి పోవాలి. అదీ నయమే.

నిరుడు మా దగ్గర శిక్షణకి ఒక అమ్మాయి చేరింది. ఒంగోలు వైపు పిల్ల, గలగలా మాట్లాడుతుంది. ఆమె రాసుకొచ్చిన ఫైలు మొత్తం నలభై లైన్లు. అలా చక్కగా విడగొట్టి రాసింది. ఒక లైనులో రాయాల్సి వచ్చేదని చెబితే నమ్మలేదు, "ఎందుకండీ?" అంది. ఆమె ఫైలు నడవడం లేదు. రెండు చోట్ల సెమీకోలన్ మరిచిపోయింది. ఒక చోట పనిముట్టు ఊరుకుంది, ఇంకో చోట తప్పు చూపించింది. "అక్కడ పెట్టకపోయినా ఊరుకుందిగా మేడమ్, ఇక్కడెందుకు ఊరుకోదు?" అంది.

ఊరుకున్న చోట దాని వెనకే వెనకగీత ఆజ్ఞ ఉంది. అది రాగానే ముందు మాట అయిపోయిందని దానికి తెలుస్తుంది. రెండో చోట వెనకాల వచ్చింది ఇంకో మామూలు ఆజ్ఞ. ఇదంతా చెప్పాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, "అయితే నా మాట ఎక్కడ అయిందో నేనే చెప్పాలన్నమాట" అంటూ మొదటి నుంచి ఒక్కో ఆజ్ఞా పైకి చదువుకుంటూ వచ్చింది. పదిహేడో లైను దగ్గర ఆగి, "ఇక్కడ" అంది.